మెట్లవద్ద నిలిచిన భక్తుడు

బసవేశ్వరుడు స్థావరముకన్న జంగమమునకు అగ్రస్థానమొసగెను. ఇష్టలింగము భక్తుని అరచేతనే కొలువుండుటచే కాళ్లులేని వానికి లింగపూజ ఏనాడును దూరము కాలేదు. కాని మఠములోని అనుభవగోష్ఠియు, దాసోహపు పంక్తియు ఆతనికి దూరమైనవి. దేవుడు చేతనుండగా అడ్డగించుచున్నవి మానవుడు పేర్చిన మెట్లే గదా!

1 అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవున వాలుబాట కట్టినచో చక్రాల కుర్చీ ఎక్కగలదు. తేరు నిలుపుటకు చోటున్న మఠమునకు ఇది భారమా? చెవిటివారికి ప్రవచనమందవలెనన్న, సైగభాష నెరిగినవారొకరు వక్తప్రక్కన వెలుతురులో నిలువవలెను. చీకటిలో చేసిన సైగ వ్యర్థము.

కర్ణాటకలోని గదగు వీరేశ్వర పుణ్యాశ్రమమున అంధులైన పంచాక్షర గవాయిగారును, వారి శిష్యులు, అంధులే యైన పుట్టరాజ గవాయిగారును (1914–2010) చూపులేని బాలురకు సంగీతము నేర్పిరి. అచ్చట అంధుడు భిక్షార్థి కాడు, గురువు. కాయకమునకు దారి తెరచిన దాసోహమది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రజలకు సేవలందించు ప్రైవేటు సంస్థలకును ఈ బాధ్యతను విధించినది. అటుపిమ్మట కట్టిన కొన్ని కల్యాణమండపములకు సయితము మెట్లే దిక్కగుట విచారకరము. రాబోవు బసవజయంతికి పందిరి వేయకమునుపే మఠాధిపతులు చక్రాల కుర్చీలో వచ్చు భక్తునొకని పిలిచి, ద్వారము మొదలు దాసోహశాల వరకు ఆతని వెంట నడచి చూడవలెను. ఎచ్చట దారి ఆగునో ఆతడే చూపును.