పిట్టగూటి ఆజ్ఞయు సింహపు వేటయు

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 22:6, 7



దారిని పోవు మనుష్యునికి ఒక పిట్టగూడు దొరికినది. వాడు పిల్లలను తీసికొనవచ్చును, తల్లిని మాత్రము పోనియ్యవలెను. ఇంత చిన్న సంగతికి ధర్మశాస్త్రములో చోటేల అని కొందరు అడుగుదురు. తల్లి మిగిలినచో మరుసటి యేడు గూడు మిగులును. తీసికొనుటకు సెలవున్నది; ఆ సెలవునకు హద్దున్నది. ఈ నెల ఈ చిన్న ఆజ్ఞను చేతపట్టుకొని ఆఫ్రికా ఖండములో జరుగుచున్న ఒక పెద్ద వ్యవహారమును చూతము.

2015 జూలై మాసములో జింబాబ్వే దేశమందలి హ్వాంగే జాతీయవనము ప్రక్కన, అమెరికానుండి వచ్చిన ఒక వేటగాడు సెసిల్ అను మగసింహమును బాణముతో కొట్టెను. అది వెంటనే చావలేదు. గంటలకొలది గాయముతో నుండి తరువాత చంపబడెను. దాని మెడకు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు పరిశోధకులు కట్టిన పట్టీ యుండెను. ఆ వేటకు సుమారు 50,000 డాలర్లు చెల్లింపబడినవని వార్తలు వచ్చెను. లోకమంతయు కోపించెను. తలను, చర్మమును గోడకు తగిలించుకొనుటకై చేయు ఇట్టి వేటను ట్రోఫీ వేట అందురు. అయితే వినుడి, ఈ వేటయే సింహములను కాపాడుచున్నదని చెప్పువారును ఉన్నారు. వారు వెఱ్ఱివారు కారు గనుక వారి మాట మొదట వినవలెను.

ఆఫ్రికాలో నేడు సింహములు సుమారు 20,000 మొదలుకొని 25,000 వరకు ఉన్నవని అంచనా. పూర్వము అవి తిరిగిన నేలలో పదింట తొమ్మిది వంతులకుపైగా వాటికి లేకుండ పోయినది. తుపాకికంటె చోటులేమియే వాటికి పెద్ద శత్రువు. అడవి పొలమగును, పొలముచెంత పశువులు చేరును, సింహము ఆవును పట్టును, కాపరి కళేబరములో విషము పెట్టును. వేటకై ధనవంతుడు రుసుము చెల్లించినచో ఆ నేల అడవిగానే నిలుచునని వారి వాదము. కెన్యా దేశము 1977లో వేటను నిషేధించెను. అయినను 2016 నాటికి అక్కడి అడవిజంతువుల సంఖ్య సుమారు 68 శాతము తగ్గినదని పరిశోధకులు లెక్కించిరి. వేట ఆగినంతమాత్రమున మృగము బ్రదుకలేదు.

ఇక రెండవ ప్రక్క చూడుడి. హ్వాంగే వనములో 1999 మొదలు 2004 వరకు పరిశోధకులు గుర్తుపెట్టిన 62 సింహములలో 24 వేటగాండ్ర చేతనే చచ్చెను. టాంజానియాలో వేట మిక్కుటముగా జరిగినచోటనే సింహములు ఎక్కువగా తగ్గినవని 2011లో తేలెను. కారణమేమి? గుంపును కాయు మగసింహము చచ్చినచో క్రొత్త మగసింహము వచ్చి పాత దాని పిల్లలను చంపును. ఒక గుండు పేల్చినవాడు ఒక ప్రాణమునే తీసితిననుకొనును. వెనుక ఎన్ని పిల్లలు చచ్చునో వానికి కనబడదు.

అందుచేత టాంజానియాలోను, మొజాంబిక్ నందలి నియాసా ప్రాంతములోను, ఆరేండ్లు నిండని మగసింహమును కొట్టరాదను నియమము పెట్టిరి. అప్పటికి దాని పిల్లలు చాలవరకు పెరిగి యుండును. వయస్సు ఎట్లు తెలియును? లేతవయస్సున గులాబిరంగుగా నుండు ముక్కు ఏండ్లు గడచినకొలది నల్లబడును. సహోదరులారా, ఇది పిట్టగూటి ఆజ్ఞవంటిదే గదా! రేపటి గూడును చెరపకుము అను హద్దు అక్కడను ఉన్నది, ఇక్కడను ఉన్నది. హద్దు నిలిచినచోట వేట కొంత నేలను కాచినది. హద్దు దాటినచోట కాపుదల అను పేరు మాత్రమే మిగిలినది.

ఆ సొమ్ము ఎవరికి చేరుచున్నది? ఇది వేరొక ప్రశ్న. జింబాబ్వేలో 1980ల చివరిభాగమున క్యాంప్‌ఫైర్ అను ఏర్పాటు మొదలాయెను. వేటవలన వచ్చు రాబడిలో పల్లెవారికి పాలుండవలెనని దాని ఉద్దేశము. అయితే ఆ పాలు చాలచోట్ల జిల్లా సభలయొద్దనే చిక్కి, కాపరి గుడిసెకు కొంచెమే చేరెనను మొఱ్ఱ వినబడుచు వచ్చెను. అడవిపందులు వేరుశనగ చేను త్రవ్విపోయిన ఉదయమున మన రైతు ముఖము మీరు చూచియున్నారు. ఆవును కోల్పోయిన ఆ కాపరి ముఖమును అట్టిదే. సెసిల్ కొరకు ఏడ్చిన లోకము వానికొరకు ఏడ్చినదా? నాతాను దావీదునకు చెప్పిన ఉపమానమును జ్ఞాపకము చేసికొనుడి. ధనవంతుని వేడుకకు బీదవాడు తన గొఱ్ఱెపిల్లను కోల్పోయెను. వేటగాని వేడుకయైనను, దూరమున కూర్చుండి కన్నీరు కార్చువాని జాలియైనను, బీదవాని నష్టముమీద నిలిచినచో రెండును ఒక్కటే.

దావీదు సైతము సింహమును చంపెను. తండ్రి మందను విడిపించుటకు చంపెనే గాని గోడ నలంకరించుటకు కాదు. ఒకటి చచ్చినచో అనేకములు బ్రదుకునని మనము వినునప్పుడెల్ల, చెప్పువాడు తాను ఏమి కోల్పోవుచున్నాడో అడుగవలెను. కయపయు అట్టిమాటే పలికెను. తాను మాత్రము ఏమియు కోల్పోలేదు. రుసుము చేసిన మేలును మేలే అని ఒప్పుకొందము. అయినను ప్రాణమును తీయుటలో అతిశయించు హృదయమును ఏ రుసుమును శుద్ధిచేయజాలదు.

మేలైన త్రోవ కూడ ఒకటి కలదు. కెన్యాలోని అంబోసెలి ప్రాంతమున 2007లో సింహపు కావలివారు అను పని మొదలాయెను. ధైర్యము చూపుటకై పూర్వము సింహమును చంపిన మసాయి యువకులే నేడు జీతముపై సింహముల జాడ తీయుచు, అవి వచ్చుచున్నవని కాపరులను హెచ్చరించుచు, తప్పిపోయిన పశువులను వెదకుచు, దొడ్ల ముళ్లకంచెలను బిగించుచున్నారు. వారి ధైర్యము పోలేదు. దాని పని మారినది. అయితే ప్రతి అడవికి ఇట్టి జీతమిచ్చువారు దొరకలేదు. వేటను నిలుపుడని అడుగువారు ఆ కాపరి నష్టమును తామును మోయవలెను.

మనమాట యేమి? చెరువులో సన్నకన్ను వలతో చేపపిల్లలను సైతము ఊడ్చువాడును, చిగురు మిగులకుండ మోడును నరుకువాడును పిట్టగూటి ఆజ్ఞను మీరినవారే. సింహపుపిల్లలు ఆహారముకొరకు దేవునివైపు చూచునని 104వ కీర్తన తెలుపుచున్నది. ఆయన వాటిని మరువలేదు. దొడ్డివద్ద నిద్రమాని కూర్చున్న కాపరినిని మరువలేదు. ఇద్దరిని జ్ఞాపకముంచుకొను హృదయమును ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమేన్.