చిత్రపు కార్డు వెనుక మాట: ఆప్తుడెవరు?

చిత్రకళా కార్డుల సేకరణను లోకం సాధారణంగా కాలక్షేపంగానో, మహా అయితే సదభిరుచిగానో చూస్తుంది. కార్డుకు ముందువైపు ఒక వర్ణచిత్రమో కోట బొమ్మో ఉంటుంది. వెనుకవైపు దాని చరిత్ర రెండు మూడు వాక్యాల్లో అచ్చయి ఉంటుంది. సేకర్త చూపు ముందువైపున నిలవడం సహజమే కానీ, నైతికమైన చిక్కు ఉన్నది వెనుకవైపున. పేరు తెలియని వ్యక్తి రాసిన ఆ వాక్యాలను నమ్మి, భద్రపరచి, తరువాతి తరానికి అందించే మనిషి వాటి సత్యాసత్యాలకు ఎంతవరకు జవాబుదారీ అవుతాడు? కొన్నది బొమ్మను మాత్రమేనని చెప్పి తప్పించుకోగలడా?

ఈ ప్రశ్నను విచారించడానికి న్యాయదర్శనం అనువైన పరిభాషను ఇస్తుంది. ప్రత్యక్ష, అనుమాన, ఉపమానాలతోపాటు శబ్దాన్ని కూడా నైయాయికులు ప్రమాణంగా అంగీకరించారు. అయితే ప్రతి మాటా ప్రమాణం కాదు. ఆప్తుని మాటే ప్రమాణం. విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పగోరేవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ సమానమేనని వాత్స్యాయన భాష్యం వివరిస్తుంది. అంటే పుట్టుకతోగానీ పదవితోగానీ ఆప్తత్వం రాదు. ఎరుకవల్లా నిజాయితీవల్లా వస్తుంది. చిత్రపు కార్డు ముందువైపు ప్రత్యక్షంలా భాసిస్తుంది, వెనుకవైపు శబ్దంలా పలుకుతుంది. ఆ శబ్దానికి ఆప్తుడెవరో మాత్రం కార్డు చెప్పదు.

చాపాడులో ఒక ఇంటి గూట్లో గండికోట చిత్రమున్న కార్డు ఒకటి ఉందనుకుందాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా వెళ్లి కోట చూసివచ్చిన చుట్టమెవరో తెచ్చి ఇచ్చారు. ముందువైపు ఎర్రమల కొండలను చీల్చుకొని పారే పెన్న, గండి అంచున కోటగోడ. వెనుకవైపు ఒకే వాక్యం: పెమ్మసాని నాయకుల ఏలుబడిలోని ఈ కోట 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైందని. వాక్యంలో తప్పు లేదు. అయినా అది ఎవరి నోటి మాట? ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే 1652లో గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను కలుసుకున్నాడు. అతని యాత్రాగ్రంథం 1676లో పారిస్‌లో అచ్చయింది. విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయించే ప్రయత్నం జరిగిందనీ, గండికోట గుడిలోని కొన్ని విగ్రహాలు ఎంతకూ కరగలేదనీ అతడు రాశాడు. ఇక్కడ కొంత వివేచన అవసరం. 1652లో తాను చూసినదానికి తావెర్నియే ఆప్తుడు. 1650 నాటి ముట్టడికి కాదు. అది అతడు గెలిచినవారి కొలువులో విన్న కథ. ఓడినవారి వైపు కథ వేరు. పొదిలి లింగన్న ద్రోహం వల్ల, విషప్రయోగం వల్ల కోట పోయిందని సీమలో పరంపరగా చెప్పుకుంటారు. ఆ కథ నిజమని ఇక్కడి వాదం కాదు. కార్డు వెనుక వాక్యంలోని ‘వశమైంది’ అన్న క్రియ రెండు కథలనూ మింగి, ఏదీ జరగనంత ప్రశాంతంగా కూర్చుందన్నదే గమనించవలసిన విషయం.

అచ్చు వివరణల కార్డులకు పేరుమోసిన సంస్థ లండన్‌లోని రాఫెల్ టక్ అండ్ సన్స్. 1903 నుంచి అది ‘ఆయిలెట్’ పేరుతో తైలవర్ణ చిత్రాలను తలపించే కార్డులను వెలువరించింది. వాటిలో చాలావాటి వెనుక చిత్రంలోని స్థలం గురించి చిన్న వివరణ ఉంటుంది. భారతదేశపు నగరాలూ, వీధులూ, జనజీవనమూ ఆ వరుసల్లో కనిపిస్తాయి. 1940 డిసెంబరు 29 రాత్రి జర్మన్ బాంబుదాడిలో ఆ సంస్థ భవనం తగలబడి, దాచుకున్న మూలచిత్రాలూ రికార్డులూ బూడిదయ్యాయి. అందువల్ల ఏ వరుసలో ఏ బొమ్మ వచ్చింది, దాని వెనుక ఏమి రాసి ఉంది అన్నవి తెలుసుకోవడానికి నేడు సేకర్తల ఆల్బములే ముఖ్యమైన ఆధారం. వినోదంగా మొదలైన పని ఒక్క రాత్రిలో సాక్ష్యరక్షణగా మారింది. ఈ సందర్భంలో కార్డును జిగురుతో ఆల్బముకు అతికించడం చిన్న తప్పు కాదు. బొమ్మ నిలుస్తుంది, మాట మూసుకుపోతుంది. అతికించినవారికి దురుద్దేశం లేకపోవచ్చు. కానీ ఒక సాక్షి నోరు కట్టేశారు.

ఇటువంటి స్థితి తెలుగు పరిశోధకులకు కొత్తది కాదు. 1800లో కంపెనీ పాలనలోకి వచ్చిన దత్తమండలాల్లో కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు రాయించారు. కరణాల కవిలెకట్టలు వాటికి ఆధారం. కాలక్రమంలో ఎన్నో కవిలెలు చెదలపాలై, కైఫీయత్తే మిగిలింది. ఆ కాగితాలూ శిథిలమవుతున్న దశలో సి.పి. బ్రౌన్ వాటికి మళ్లీ నకళ్లు రాయించాడు. అంటే నేడు చదివేది చాలాచోట్ల నకలుకు నకలు. అయినా కైఫీయత్తుకూ కార్డు వెనుక మాటకూ ఒక మౌలిక భేదం ఉంది. ఇది ఫలానా గ్రామపు కైఫీయత్తు, ఫలానా కవిలెను బట్టి రాసినది, ఇక్కడివారు ఇట్లా చెబుతారు అని కైఫీయత్తు తరచుగా తన మూలాన్ని తానే చెప్పుకుంటుంది. నమ్మాలో వద్దో తేల్చుకోవడానికి చదువరికి కొంత వీలు మిగులుస్తుంది. కార్డుకు ఆ అలవాటు లేదు.

మెకంజీ ప్రసక్తి వచ్చింది కనుక థామస్ హికీ 1816లో చిత్రించిన తైలవర్ణ చిత్రాన్ని పరిశీలించాలి. బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఈ చిత్రం మెకంజీ గురించి మాట్లాడిన ప్రతిచోటా ప్రత్యక్షమవుతుంది. నడుమ ఎర్రకోటు మెకంజీ, అతని చుట్టూ ముగ్గురు భారతీయులు, దూరాన కార్కళ గోమటేశ్వరుడు. ఒకరి చేతిలో తాటాకు ప్రతి, ఒకరి చేతిలో కాగితపు చుట్ట, ఒకరి చేతిలో దూరదర్శిని. వారు జైన పండితుడు ధర్మయ్య, కావలి వెంకట లక్ష్మయ్య, బంట్రోతు కిష్టనజీ అని సాధారణంగా గుర్తిస్తారు. ఈ బొమ్మను కార్డుగా వేసి, వెనుక ‘మెకంజీ, అతని సహాయకులు’ అని అచ్చు వేస్తే అది అసత్యం కాదు. కానీ కావలి సోదరుల్లో బొర్రయ్య తీర్చిదిద్దిన పద్ధతి, 1803లో అతడు మరణించిన తరువాత లక్ష్మయ్య నడిపించిన పని లేకుంటే ఆ సేకరణే ఉండేది కాదు. తాటాకు చదవగలిగినవాడు ‘సహాయకుడు’, చదవలేనివాడు ‘సేకర్త’ అయ్యారు. అబద్ధం ఆడకుండానే అన్యాయం చేయగల వాక్యానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

తాళపత్ర లేఖకుల సంప్రదాయాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. ప్రతి చివర లేఖకుడు తన పేరు, ఊరు, సంవత్సరం, తిథివారాలు రాసి, వంగిన వీపుతో శ్రమపడి రాశాననీ, తప్పులుంటే పెద్దలు దిద్దుకొని మన్నించాలనీ వేడుకోవడం పరిపాటి. ఇది మర్యాద కోసం అన్న మాట మాత్రమే కాదు; జ్ఞానసిద్ధాంతపరంగా విలువైన ప్రకటన. చెప్పేవాడు తనను తాను గుర్తుపట్టనిస్తున్నాడు, తన మాట తప్పు కావచ్చునని ముందే ఒప్పుకుంటున్నాడు. ఆప్తత్వానికి కావలసిన నిజాయితీ అక్కడ కనిపిస్తుంది. అచ్చు వివరణకు క్షమాపణ అడిగే అలవాటు లేదు. అది పొరపాటు పడినా అదే నమ్మకంతో వేలాది ప్రతుల్లో పొరపాటు పడుతుంది.

మరి సేకర్త చేయవలసినది ఏమిటి? తప్పు తెలిసినప్పుడు కార్డు మీదే దిద్దవచ్చు. అయితే దిద్దిన కార్డు పాత సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. నాడు ఎలా చెప్పారన్నది కూడా చరిత్రే కదా. అంగడిలో రాతపడని వీపుకే ధర ఎక్కువ అన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం, కాకపోతే సేకర్తలు చూపే సంయమనంలో సగం పాలు దానిదే. ముట్టకుండా వదిలేయడం మరో మార్గం. తెలిసీ చెప్పనివాడు ఆప్తుడు కాడు కనుక అదీ నిలవదు. బ్రౌన్ దొర జూలూరి అప్పయ్య వంటి పండితులతో కావ్యాలను పరిష్కరింపజేసిన తీరు కొంత దారి చూపుతుంది. అనేక ప్రతులను పోల్చి, భేదాలను గుర్తించి, మూలాన్ని మూలంగా ఉంచి వ్యాఖ్యను వేరుగా చేర్చే పద్ధతి అది. కార్డుకూ ఇదే తగినది: కార్డును తాకకుండా, దానికి ఒక చీటీ జతచేయడం.

వాడిన కార్డుల విషయం ఇంకొంత సున్నితమైనది. మన దేశంలో 1879 జూలై 1న పావు అణాకు పోస్టుకార్డు వచ్చింది. చిత్రపు కార్డుల తొలిరోజుల్లో వెనుకభాగమంతా చిరునామాకే. ఆ భాగాన్ని రెండుగా చీల్చి సందేశానికి చోటిచ్చినది మొదట బ్రిటన్, 1902లో. ఆ చీలికతో అచ్చు చరిత్ర పక్కనే సొంత చరిత్ర చేరింది: కాన్పు కబురు, అప్పు వాయిదా, పెళ్లిచూపుల తేదీ. కార్డు మూతలేనిది కనుక దారిలో ఎవరైనా చదవవచ్చు. అంతమాత్రాన ఎవరైనా ప్రకటించవచ్చునని రాసినవారు ఒప్పుకున్నట్లు కాదు. తెలుగు ఇళ్లలో చావుకబురు తెచ్చిన కార్డును చదివిన వెంటనే చించివేసేవారు, గడప లోపల ఉంచేవారు కారు. అన్నీ దాచదగినవి కావని ఆ ఆచారం చెప్పకనే చెప్పింది. ఏ ఆల్బములోనైనా ఉత్తరాలన్నీ శుభంగా కనిపిస్తే దానికి కారణం ఆ కాలం శుభంగా ఉండడం కాదు.

చాపాడులోని ఆ గండికోట కార్డుకు జతపడే చీటీలో ముట్టడి గురించి తావెర్నియే విన్నదీ, అతడు కళ్లారా చూసినదీ వేర్వేరుగా ఉండాలి. సీమలో చెప్పుకునే కథను కథగానే రాయాలి. కింద రాసినవారి పేరు, ఊరు, తేదీ ఉండాలి. దాని కిందా కొంత ఖాళీ వదలాలి. మరొకరు దిద్దవలసి రావచ్చు.