రెండు పెట్టెలు

హబ్సిగూడ చౌరస్తాకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక కాలనీలో ఒక రిటైర్డ్ ఉద్యోగి ఉండేవాడు. 2023 ఫిబ్రవరిలో ఆరాంఘర్ దగ్గర రోడ్డు మీద కుప్పకూలిన మనిషికి ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ ఛాతీ ఒత్తి ప్రాణం పోసిన వీడియోను అందరితో పాటు ఆయనా చూశాడు. మరుసటి నెలలోనే ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది. తన వంతుగా తానూ ఏదైనా చేయాలని ఆయనకు బలంగా అనిపించింది. దాచుకున్న డబ్బులోంచి కొంత తీసి, గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రాలు రెండు కొన్నాడు. ఒకటి కాలనీకి, రెండోది భువనగిరి అవతల ఉన్న సొంతూరికి ఇచ్చాడు.

కాలనీవాళ్లు సభ పెట్టి ఆయనకు శాలువా కప్పారు. అంత ఖరీదైన వస్తువు దొంగల పాలు కాకూడదని యంత్రాన్ని సంఘం ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి కార్యదర్శి దగ్గర ఉండేది. పెట్టె మీది ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ విప్పలేదు.

ఊళ్లో సభ జరగలేదు. పొద్దున, సాయంత్రం అందరూ వచ్చేది పాల కేంద్రానికే కాబట్టి దాని వరండా గోడకు పెట్టెను తగిలించారు. పాలు కొలిచే ఆమె, ఆశా కార్యకర్త కలిసి నెలకోసారి దాన్ని దించి, బ్యాటరీ బాగుందో లేదో, ప్యాడ్ల గడువు ఎప్పటిదాకా ఉందో చూసేవాళ్లు. యంత్రం ఇంగ్లిషులో మాట్లాడేది. అందుకని దాని ఏ మాటకు ఏం చేయాలో ఒక పదో తరగతి పిల్ల చేత అట్టముక్క మీద తెలుగులో రాయించి పక్కనే కట్టారు. పాలు పోయడానికి వరుసలో నిలబడ్డవాళ్లకు దాణా బస్తా మీద ఛాతీ ఒత్తడం నేర్పించారు.

ఒక ఉదయం కాలనీ పార్కులో నడకకు వచ్చిన పెద్దాయన పడిపోయాడు. ఒకరు 108కి ఫోన్ చేశారు. ఇంకొకరు ఆఫీసుకు పరుగెత్తారు. కార్యదర్శి నాచారంలో పెళ్లికి వెళ్లి ఉన్నాడు. తాళంచెవి వచ్చేసరికి పావుగంట గడిచింది. ఆగిన గుండెకు సీపీఆర్, షాక్ అందకపోతే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 పాళ్లు పడిపోతుంది. ఆ పావుగంటా యంత్రం కోసం ఎదురుచూసినవాళ్లలో ఒక్కరూ ఆయన ఛాతీ మీద చెయ్యి వేయలేదు. ఆయన దక్కలేదు.

యంత్రాలు ఇచ్చినాయన మనసు విరిగిపోయింది. పట్నంలోనే అక్కరకు రానిది పల్లెలో ఏం పనికొస్తుందనుకున్నాడు. ఊళ్లో ఉన్నదాన్ని తెచ్చి ఏదైనా ఆసుపత్రికి ఇచ్చేద్దామని ఉప్పల్ రింగురోడ్డులో బస్సెక్కాడు. పాల కేంద్రం గోడ మీది పెట్టెను చూడగానే ఆయన ప్రాణం ఉసూరుమంది. మూలలు గీసుకుపోయాయి. పిడి నిండా పాల మరకలు. దాన్ని దించి సంచిలో పెట్టుకుంటుండగా వరుసలో ఉన్న ఒక రైతు పాల క్యానుతో సహా కూలబడ్డాడు.

పాలు కొలిచే ఆమె ఆయన చేతిలోంచి పెట్టెను లాక్కుంది. ఒక కుర్రాడు 108కి ఫోన్ చేశాడు. ఇద్దరు మోకాళ్ల మీద కూర్చుని, నిమిషానికి 100 నుంచి 120 సార్ల లెక్కన వంతులవారీగా ఛాతీ ఒత్తారు. పాలతో తడిసిన ఛాతీని ఆమె తువ్వాలుతో పొడిగా తుడిచి, ఒక ప్యాడ్‌ను కుడివైపు మెడ ఎముక కింద, రెండోదాన్ని ఎడమ చంక కింద పక్కటెముకల మీద అతికించింది. యంత్రం గుండె లయ చూసి షాక్ ఇమ్మంది. అందరూ వెనక్కి జరిగాక ఆమె మీట నొక్కింది. వెంటనే మళ్లీ ఒత్తడం మొదలుపెట్టారు. అంబులెన్సు వచ్చేసరికి రైతు ఊపిరి తీసుకుంటున్నాడు.

ఆయన ఖాళీ సంచితో హబ్సిగూడకు తిరిగొచ్చాడు. ఆ వారమే బీరువా తాళం తీయించి, పెట్టెను పార్కు గేటు పక్కన గోడకు తగిలించాడు. వాచ్‌మన్, ఇస్త్రీ బండి అతను, పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, చివరికి కార్యదర్శి కూడా దాణా బస్తా మీద ఛాతీ ఒత్తడం నేర్చుకున్నారు.

నీతి: నలుగురి ప్రాణాల కోసం తెచ్చిన వస్తువు నలుగురి చేతికీ అందాలి, దాన్ని వాడటం నలుగురికీ రావాలి. భద్రంగా దాచుకోవడమే బాధ్యత అనుకుంటే, అవసరం వచ్చిన నిమిషంలో ఆ భద్రతే అడ్డుపడుతుంది. మీ వీధిలో ఇలాంటి పెట్టె ఉంటే ఎక్కడుందో ఈరోజే వెళ్లి చూడండి, లేకపోతే ముందు ఛాతీ ఒత్తడమైనా నేర్చుకోండి, ఎందుకంటే ఆగిన గుండెకు అందాల్సిన మొదటి సాయం పక్కనున్న మనిషి చేతులే.