గడప వెల

ఆడదానికి వెల కట్టడంలోనే హింస పుట్టిందన్న నమ్మకం ఉత్తరాంధ్రలో పాతది. విజయనగర మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల గురించి తయారు చేయించిన జాబితాలో మూడేళ్లకు 1,034 శుల్క వివాహాలు తేలాయనీ, ఆ పెళ్లికూతుళ్లలో ఏడాది వయసు పసికందులు ముగ్గురున్నారనీ గురజాడ అప్పారావు 1897 నాటి ‘కన్యాశుల్కం’ పీఠికలో రాశారు కనుక, ఆ నమ్మకాన్ని తోసిపుచ్చడం తేలిక కాదు. అయితే సొమ్ము దారి మళ్లి, కట్నమై వరుడి ఇంటికి చేరడం మొదలయ్యాక కూడా దెబ్బలు తినేది ఆమే. వెలే మూలమైతే, అమ్ముడుపోయినవాడు వరుడైనప్పుడు వీపు వాచవలసింది అతనిది.

సంస్కర్తలు అమ్మకాన్ని నిందించారు గాని దానాన్ని నిలదీయలేదు. కన్యాదానంలో ధారపోసిన పిల్లను తిరిగి అడగడం ధర్మం కాదంటారు. సీతంపేట, పార్వతీపురం మన్యంలోని సవర, జాతాపు కుటుంబాల్లో మాత్రం ఓలి, అంటే వరుడి వైపువారు పెళ్లికూతురి ఇంటికి చెల్లించే సొమ్ము, ఆచారంగా ఉండేది. ఆమె మగణ్ణి విడిచి మరొకరిని మనువాడితే కొత్త భర్త పాత భర్తకు పరిహారం కట్టి తగవు తీర్చుకునేవాడు. లెక్క తీరితే ముడి వీడుతుంది కనుక, చదువుకున్నవారు ఏవగించుకున్న వెలలోనే బయటికి ఒక దారి ఉందనిపిస్తుంది.

అయినా ఈ ఊహ ఎంతో దూరం నడవదు. ఓలి పుచ్చుకున్న ఇళ్ల ఆడపిల్లలూ తాగివచ్చిన మొగుళ్ల చేత దెబ్బలు తిన్నారు. పరిహారం ముట్టింది మగవాడికే, మరో మగవాడు దొరికితే తప్ప ఆ దారి తెరుచుకునేదీ కాదు. వెలలోనూ దానంలోనూ ఆమెకంటూ కాలు మోపే చోటు లేదు.

ఆ చోటును చట్టం ఇవ్వబోయింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణ, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పించగా, 2005లో కేంద్ర చట్టం ఆ హక్కును విస్తరించింది. అయినా పంపకాల వేళ ఎందరో అక్కచెల్లెళ్లు హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టి, తమ వాటాను అన్నదమ్ములకు వదిలేస్తున్నారు. అది అమాయకత్వం కాదు. వాటా అడిగిన ఆడపడుచుకు సంక్రాంతి పిలుపు ఆగిపోతుందనీ, మొగుడు తరిమిననాడు అన్న గడపే దిక్కనీ ఎరిగి చేసే బేరమది. ఓలినీ కట్నాన్నీ పెద్దలు చెల్లించేవారు, ఈ వెలను ఆమే తన భూమితో చెల్లిస్తోంది. పుచ్చుకునేవారు ఆమెను నిజంగా ప్రేమించేవారే కనుక దీన్ని నేరమనడానికి ఆమెకే నోరు రాదు.