మిగిలిన ముక్కలు ఎవరు ఏరవలెను?



అయిదు రొట్టెలతో అయిదువేలమంది తృప్తిపొందిన అద్భుతమును గూర్చి మనము అనేక ప్రసంగములు వినియున్నాము. గాని దాని వెంటనే ప్రభువు ఇచ్చిన ఆజ్ఞను తరచుగా దాటిపోవుదుము. తినగా మిగిలినవాటిని ఏరి తెండని, వాటిలో కొంచెమైనను పాడుకారాదని ఆయన సెలవిచ్చెను (యోహాను 6వ అధ్యాయము). అంత రొట్టెను కలుగజేయగలవానికి మిగిలిన ముక్కలతో పనియేమి? అయినను ఆయన వాటిని గడ్డిమీద విడిచిపెట్టనియ్యలేదు. ఇంకొక సంగతి కూడ గమనింపుడు. ఆ పనిని ఆయన కూలివారికి అప్పగింపలేదు. పండ్రెండు గంపలు నింపినవారు ఆయన శిష్యులే.

నిజామాబాదు, బోధను వీధులలో ఉదయమున చెత్త బండి వచ్చుచున్నది. తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా ఇయ్యవలెనని మున్సిపాలిటీవారు చెప్పుచున్నారు. 2016లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమములలోనే ప్రతి ఇంటివారు తడి, పొడి, అపాయకరము అని చెత్తను మూడు విధములుగా విడదీయవలెనని వ్రాయబడెను. అయినను అనేక ఇండ్లలో పాచిపోయిన అన్నము, కూరగాయల తొక్కలు, పగిలిన గాజు, పసిబిడ్డల డైపరులు, ప్లాస్టిక్ సంచులు ఒకే బకెట్టులో పడుచున్నవి. ఇది ఇంటి శుభ్రతకు సంబంధించిన చిన్న సంగతియా, లేక ధర్మాధర్మములకు సంబంధించిన సంగతియా? ధర్మమునకు సంబంధించినదే యని నా మనవి.

మొదట ఆ చెత్త స్వభావమును తెలిసికొందము. వంటింటి తొక్కలను ఎండుటాకులతో పొరలు పొరలుగా వేసి, గాలి తగులునట్లు అప్పుడప్పుడు త్రిప్పుచు, తేమ ఆరనియ్యక యుంచినయెడల, సుమారు రెండు నెలలలో అవి మంచి ఎరువగును. అవే తొక్కలను సంచిలో కట్టి చెత్తగుట్టలో గాలి ఆడకుండ పాతిన, మీథేను అను వాయువు పుట్టును. ఆ వాయువు నూరు సంవత్సరముల లెక్కలో బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు అధికముగా భూమిని వేడిచేయునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎండకాలమున చెత్తగుట్టలు రోజుల తరబడి కాలుటకు అదియు ఒక కారణము. గుట్ట అడుగునుండి కారు నల్లని నీరు భూమిలోనికి ఇంకి, బావుల నీటిని చెరుపును. పట్టణములవారు "బయట పారవేసితిమి" అందురు. ఆ బయట అనునది ఎవరో ఒకరి ఊరే గదా!

బోధను ప్రాంతపువారికి ఈ పాఠము క్రొత్తది కాదు. 1937లో శక్కర్‌నగరున నెలకొల్పబడిన నిజాము చక్కెర ఫ్యాక్టరీని మన పెద్దలు ఎరుగుదురు. చెరకును పిండగా మిగిలిన పిప్పి బాయిలర్లకు వంటచెరకాయెను. మొలాసిస్ సారాయి బట్టీకి పోయెను. రసమును వడగట్టగా మిగులు మడ్డి పొలములకు ఎరువుగా పనికివచ్చును. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడినది. గాని అది నేర్పిన పాఠము మూతపడలేదు. పొలమునుండి వచ్చినదానిలో కొంతయైనను పొలమునకు తిరిగి పోవలెను. నేడు మన పల్లెలనుండి బియ్యము, కూరగాయలు దినదినము పట్టణమునకు వెళ్ళుచున్నవి. మన జిల్లాలో పసుపు వేయువానిని అడుగుడు, ఆ పంట ఎంత ఎరువు కోరునో చెప్పును. అయితే గాజుముక్కలు, ప్లాస్టిక్ పేలికలు కలిసిన ఎరువును ఏ రైతు తన మడిలో చల్లుకొనును? వట్టి కాళ్లతో దిగవలసినవాడు అతడే గదా!

ఇంతకంటె బరువైన సంగతి ఇంకొకటి యున్నది. మనము కలిపివేసిన చెత్తను ఎవరో ఒకరు విడదీయవలసినదే. వంటింటిలో రెండు బకెట్లు పెట్టుకొనిన, అది అరనిమిషపు పని. అక్కడ మనము తప్పించుకొనిన పని గుట్టయొద్ద మరియొకని మెడమీద పడును. అతడు కుళ్లిన అన్నములో చెయ్యి పెట్టి సీసా వెదకవలెను. సఫాయి పనివారు, చెత్త ఏరుకొను స్త్రీలు ఎవరు? తరతరములుగా పుట్టుకనుబట్టి ఈ పని ఎవరికి అంటగట్టబడెనో మన సంఘములకు చెప్పనక్కరలేదు. వారిలో అనేకులు ఆదివారమున మనతోకూడ చాపమీద కూర్చుండువారే. ప్రభువు బల్లయొద్ద సహోదరుడని పిలిచి, సోమవారము ఉదయము అతని చేతికి గాజుపెంకు అందించుట న్యాయమా?

"మేము పన్ను కట్టుచున్నాము గదా" అని కొందరు అందురు. మంచిది. పన్ను మోయుటకు కూలి యగును. తన అశుద్ధములో పొరుగువాని చెయ్యి పెట్టించు హక్కును అది కొనియ్యదు. "మేము విడదీసి ఇచ్చినను బండివారు ఒకటిగా పోయుచున్నారు" అని మరికొందరు అందురు. ఈ ఫిర్యాదు అనేకచోట్ల నిజమే. అట్లు జరిగినయెడల వార్డు సభ్యుని, అధికారులను అడుగవలెను. అడుగువాని బకెట్టు ముందుగా సరిగా నుండవలెను.

ఇది జరుగని పని కాదు. 2003 ప్రాంతమున సూర్యాపేట మున్సిపాలిటీవారు ఇంటింట రెండు బుట్టలు పెట్టించి, తడి చెత్తతో వానపాముల ఎరువు చేయించి దేశమంతట పేరుపొందిరి. హైదరాబాదులోని బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో రోజునకు సుమారు 10 టన్నుల కుళ్లిన కాయగూరలనుండి 500 యూనిట్ల కరెంటు తీయుచున్నారని 2021లో దేశమంతయు వినెను. దక్షిణ కొరియా దేశమువారు 2005లో ఆహారపు వ్యర్థములను గోతులలో పూడ్చుట మాన్పించి, 2013నుండి తూకమునుబట్టి రుసుము వసూలు చేయసాగిరి.

యెరూషలేము ప్రాకారము కట్టినప్పుడు పెంట గుమ్మమును ఎవరు బాగుచేసిరో నెహెమ్యా 3వ అధ్యాయమున చూడుడు. ఊరి చెత్త పోవు ఆ ద్వారమును బాగుచేసిన మల్కీయా ఒక ప్రదేశమునకు అధిపతి. ఆ పని తన గౌరవమునకు తక్కువని అతడు వెనుదీయలేదు.

కాబట్టి ప్రియులారా, ఇంట రెండు బకెట్లు ఉంచుడి. పగిలిన గాజును కాగితములో చుట్టి వేరుగా ఇయ్యుడి. డైపరులు మొదలగువాటిని పొట్లము కట్టి గురుతు పెట్టుడి. పెరడు గలవారు తొక్కలను అక్కడనే కుండలోనైనను గుంటలోనైనను మాగవేసికొనుడి. మందిరమున ప్రేమవిందు జరుగునప్పుడు విస్తరాకులు, ఎంగిలి అన్నము ఒక గంపలో, ప్లాస్టిక్ గ్లాసులు వేరొక సంచిలో వేయుడి. భోజనమైన పిమ్మట ఆ గంపను ఎత్తుటకు పేదరాలిని పిలువకుడి. మొదట సంఘపెద్దలు లేచి ఎత్తుదురు గాక. వారి వెంట కాపరియు లేచును.