ఆ దూరం ఎవరు నడవాలి?

"తుపాకీకి ఏ స్కోప్ మంచిది సార్?" అని ఈమధ్య మన పిల్లలు అడుగుతున్నారు. తొమ్మిది, పది చదివే తాండా పిల్లలు అడుగుతారు, ఎరుకల పిల్లలు అడుగుతారు, చదువు మధ్యలో ఆపి బెంగళూరు కూలి పనులకు పోయి వచ్చే పెద్ద పిల్లలూ అడుగుతారు. ఫోన్లలో ఆఫ్రికా వేట వీడియోలు చూస్తున్నారు మరి. "వేట నేరం, నోరు ముయ్" అనడం ఉపాధ్యాయులకు తేలిక. అది నిజమే కానీ జవాబు కాదు. వాడు అడిగింది అద్దం గురించి. ముందు అద్దం సంగతి సరిగ్గా చెప్పి, ఆ తర్వాత ధర్మం సంగతికి పోవాలి. ఈ రెండూ అనుకున్నంత దూరంగా లేవని నా అభిప్రాయం.

ఆఫ్రికా వేటగాళ్లు జంతువుల్ని రెండు రకాలుగా చూస్తారు. ఏనుగు, అడవి దున్న, సింహం, చిరుత వంటివి తిరగబడి మనిషిని చంపగలవు. ఇంపాలా, కుడు, జీబ్రా వంటివి మైదానంలో మేస్తాయి, మనిషిని చూస్తే పారిపోతాయి. మొదటి రకం పొదల్లో యాభై గజాల లోపే ఎదురుపడుతుంది. అందుకని దానికి తక్కువ రెట్లు పెంచే స్కోప్ వాడతారు, ఒకటి నుంచి నాలుగు రెట్ల వరకు. ఒక రెట్టు దగ్గర పెడితే 100 గజాల అవతల సుమారు 100 అడుగుల వెడల్పు కనపడుతుంది. రెండు కళ్లూ తెరిచే గురి చూడవచ్చు. పెద్ద తుపాకీ గట్టిగా వెనక్కి తన్నుతుంది కాబట్టి కంటికీ అద్దానికీ మధ్య మూడున్నర, నాలుగు అంగుళాల ఎడం ఉండాలి. లేకపోతే స్కోప్ అంచు కనుబొమ్మను కోస్తుంది. గాయపడ్డ జంతువు వెంట పొదలోకి పోవాల్సి వస్తే స్కోప్‌నే ఊడదీసి, తుపాకీ మీది ఇనుప గురితో పోయేలా బిగింపులు చేసుకుంటారు.

మైదాన జంతువులకు మూడు నుంచి తొమ్మిది రెట్ల స్కోప్ చాలామంది వాడతారు. తొమ్మిది రెట్ల దగ్గర 100 గజాల అవతల కనిపించేది 14 అడుగుల వెడల్పు మాత్రమే. వెలుతురు కూడా తగ్గుతుంది. ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు బిళ్ల వెడల్పు వస్తుంది. 40 మిల్లీమీటర్ల అద్దానికి నాలుగు రెట్ల దగ్గర 10 మిల్లీమీటర్లు, తొమ్మిది రెట్ల దగ్గర నాలుగున్నర కూడా రాదు. చీకట్లో వయసు పిల్లల కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా విప్పుకుంటుంది. అంటే సందె చీకట్లో రెట్లు పెంచేకొద్దీ జంతువు పెద్దదవుతుంది, మసకవుతుంది.

ఈ రెండు రకాల నేలలూ మన అనంతపురం పీఠభూమి మీదే ఉన్నాయి. కళ్యాణదుర్గం, మడకశిర గుట్టల్లో ఎలుగుబంట్లు, చిరుతలు. ఉరవకొండ, వజ్రకరూరు, విడపనకల్లు నల్లరేగడి చేలల్లో కృష్ణజింకల మందలు. ఇక్కడ పెద్ద రెట్ల స్కోప్‌కు ఇంకో శత్రువు ఉంది, ఎండ. వేసవిలో నేల మీద ఆవిరిలా లేచే ఎండమావిని కూడా అద్దం తొమ్మిది రెట్లు పెంచి చూపిస్తుంది. జింక కాళ్లు నీళ్లలో ఆడుతున్నట్టు ఉంటాయి, గుండె ఎక్కడుందో తెలియదు. ఎండమావికి సంస్కృతంలో మృగతృష్ణ అని పేరు, జింక దాహం అని. ఇప్పుడు ఆ దాహం జింకకు కాదు, అద్దం వెనక ఉన్నవాడికి.

గుండె ఎక్కడుందో తెలియకుండా కాల్చిన తూటా కడుపులో తగులుతుంది. జంతువు పడదు, పోతుంది. గాయపడ్డదాన్ని వదిలేయకూడదు, వెతికి బాధ తీర్చాలి అని వేటగాళ్ల నీతి. ఏ దేశంలోనైనా మర్యాద గల వేటగాడు ఒప్పుకునే నీతి ఇది. ఇక్కడే నాకు అసలు ప్రశ్న కనపడింది. స్కోప్ జంతువును కంటికి దగ్గర చేస్తుంది. కాళ్లకు దగ్గర చెయ్యదు. రెండు వందల గజాలు అక్కడే ఉంటాయి, ముళ్లకంపతో, బండలతో, పొదలో పడుకున్న గాయపడ్డ ఎలుగుతో సహా. ఆ దూరం ఎవరో ఒకరు నడవాలి. ఎవరు?

మన దేశపు వేట చరిత్రలో ఎక్కువసార్లు నడిచింది మనవాళ్లే. దొరలు, జమీందారులు మంచె మీద కూర్చుంటే డప్పులు కొట్టి జంతువును లేపింది, జాడ పట్టింది, నెత్తురు చుక్కల వెంట పోయింది అడవి మనుషులు. అందర్నీ ఒకే గాటన కట్టను. కెన్నెత్ ఆండర్సన్ మన పక్కన చామల లోయలో మనుషుల్ని తిన్న పులి గురించి రాశాడు. గాయపడ్డ జంతువు వెంట తానే పోయిన వేటగాడు ఆయన. ఆయన పుస్తకాల్లో బైరా అనే పూజారి తెగ మనిషి మళ్లీ మళ్లీ వస్తాడు, ఆయనకు అడవి చదవడం నేర్పినవాడు. కానీ పుస్తకం మీద పేరు ఎవరిదో మనకు తెలుసు.

అదే కాలంలో చట్టం మనల్ని ఏమందో కూడా గుర్తుంచుకోవాలి. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1878లో ఆయుధాల చట్టం వచ్చింది, లైసెన్సు లేని దేశీయుడి చేతిలో తుపాకీ నేరమైంది. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలని రాసి స్టువర్టుపురం లాంటి చోట్ల పెట్టారు. ఆ ముద్ర 1952లో గానీ పోలేదు. అడవిపందిని దొర కొడితే ఆట, మనం కొడితే దొంగతనం. 1972 వన్యప్రాణి చట్టం అందరికీ ఒకటే. ఆ మేరకు అది న్యాయమైన చట్టమని నేను నమ్ముతాను. అయితే 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కులన్నీ ఒప్పుకుంటూ, వేట హక్కును మాత్రం పేరు పెట్టి మినహాయించింది. ఈ సంగతి చాలామంది ఉపాధ్యాయులకే తెలియదు. పిల్లలకు చెప్పాలి.

మా సుగాలి తాండాల్లో ముసలివాళ్లు చెప్పే వేటలో దూరం లేదు. కుక్కలు, వలలు, బరిసెలు. కుందేలు అరుపు వినకుండా దాన్ని తినడానికి వీల్లేదు. మాంసం పంచేటప్పుడు కుక్కకూ ఒక వాటా. అది విని మనవాళ్లు గొప్పలు పోతుంటారు, నాకు అంత తొందర లేదు. ఎందుకంటే ఇప్పుడు మన చేల గట్ల మీద ఉన్నది బరిసె కాదు, కరెంటు తీగ. ఉచ్చు. అడవిపంది కొరికితే పేలే నాటుబాంబు. సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో, అది కూడా పడితే పడినట్టు, అప్పు చేసి వేసిన శెనక్కాయ చేనును పందులు ఒక్క రాత్రిలో తవ్వి పోతే రైతు కడుపు ఎలా మండుతుందో నాకు తెలుసు. మనవాళ్లలో ఎక్కువమంది ఆ రైతులే. కానీ తీగకు కన్ను లేదు. పందో, ఎలుగో, పక్కింటి ఆవో, రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన మనిషో అది చూడదు. పెట్టినవాడు ఇంట్లో నిద్రపోతుంటాడు. అన్నిటికంటే పెద్ద దూరం అది. దానితో పోలిస్తే స్కోప్ మేలు. అద్దంలో చూసేవాడు కనీసం దేన్ని చంపుతున్నాడో చూడక తప్పదు. పిల్లలున్న పందిని వదిలేసే అవకాశం వాడికి ఉంది, తీగకు లేదు. అందుకే స్కోప్‌ను పాపపు వస్తువు అనే మాట నేను అనను.

చట్టం ఒప్పుకున్న కాల్పులు కూడా ఉన్నాయి. 2016లో బీహార్‌లోని మొకామా దగ్గర పంటలు తింటున్నాయని 200కు పైగా నీలుగాయిలను చంపారు. కాల్చడానికి పోయింది హైదరాబాదు షూటర్లు. 2018 నవంబరు 2 రాత్రి మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో అవని అనే ఆడపులిని కాల్చింది కూడా హైదరాబాదు వేటగాళ్ల కుటుంబపు మనిషే. అది పదిమందికి పైగా మనుషుల్ని చంపిందన్నారు. దానికి రెండు కూనలు. అది మీదికి దూకబోతే కాల్చామని వాళ్లన్నారు. పోస్ట్‌మార్టం తర్వాత అది నిజంగా ఎదురుగా వచ్చిందా, అటు తిరిగి ఉందా అన్న వాదన రేగింది. కేరళలో 2022 నుంచి పంట పాడుచేసే అడవిపందిని కాల్పించే అధికారం పంచాయతీ అధ్యక్షులకు ఇచ్చారు. విషం, పేలుడు, కరెంటు వాడకూడదని షరతు పెట్టారు. మంచి షరతు.

రేపు మన మండలాలకూ షూటర్లు రావచ్చు. వస్తే వాళ్ల చేతిలో మంచి స్కోప్ ఉంటుంది. ముందు టార్చి పట్టుకుని నడిచేది, గాయపడ్డ పంది వెంట కంపలోకి పోయేది మన పిల్లలే, రోజు కూలికి. అలా అయితే గ్రామసభలో మనం అడగాల్సినవి ఉన్నాయి. అనుమతి కాగితంలో దారి చూపేవాడి పేరు కూడా ఉండాలి. వాడికి బీమా ఉండాలి. గాయపడ్డ జంతువు దగ్గరికి మొదట పోయేది కాల్చినవాడే. నడిచి పోయి ముగించలేనంత దూరం నుంచి కాల్చకూడదు. అది అద్దానికి ఎన్ని రెట్లున్నా సరే. ఏ స్కోప్ మంచిదని అడిగిన పిల్లవాడికి నా జవాబూ ఇదే. నీ కాళ్లు పోగలిగినంత దూరం చూపించేది చాలు.

ఇక చట్టం ఒప్పుకోని కాల్పులు. పట్నం నుంచి రాత్రి జీపులో వచ్చి జింకల జాడ చూపమని డబ్బులిచ్చేవాళ్లు ఉంటారు. కృష్ణజింక మొదటి షెడ్యూలు జంతువు. మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల దాకా జైలు. జీపు పోతుంది, తుపాకీ పోతుంది, అద్దం పోతుంది. ఊళ్లో మిగిలేది దారి చూపినవాడు. పాత కాలపు ముద్ర మనవాళ్ల మీద ఇంకా పూర్తిగా ఆరలేదు కాబట్టి పోలీసులు వాణ్ణి వెతకాల్సిన పని కూడా ఉండదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక పని చెబుతాను. 30 సెంటీమీటర్ల పొడవున్న కాగితపు గొట్టం చుట్టండి. ఒక కొస అట్టముక్కతో మూసి, దాని నడుమ 1.4 సెంటీమీటర్ల రంధ్రం చెయ్యండి. రెండో కొసకు అట్ట పెట్టి, చూడటానికి సూదిబెజ్జం పొడవండి. రెట్లు పెంచదు గానీ, తొమ్మిది రెట్ల స్కోప్‌లో కనిపించేంత వెడల్పే అందులోనూ కనిపిస్తుంది. బడి మైదానంలో 100 గజాలు కొలిచి, ఆ కొసన తరగతి పిల్లల్ని ఒక వరసలో చేతులు చాచి నిలబెట్టండి. ఈ కొస నుంచి ఒక పిల్లవాణ్ణి గొట్టంలో చూడమనండి. నడుమ ముగ్గురో నలుగురో కనపడతారు. వాళ్ల పక్కన ఎవరెవరున్నారో గొట్టం దించకుండా చెప్పమనండి. తర్వాత గొట్టం వాడి చేతికే ఇచ్చి, చెప్పులు లేకుండా అక్కడిదాకా నడిచి రమ్మనండి.