రెస్‌కౌంట్ సున్నా అయ్యేదాకా

జ్ఞానంతో అజ్ఞానం పోతే, అజ్ఞానం వల్ల వచ్చిన దేహం ఆ క్షణమే ఎందుకు రాలిపోదు? మా బాబాయిగారికి ఇష్టమైన ప్రశ్న ఇది. జవాబూ ఆయన దగ్గరే ఉంటుంది. బ్రహ్మసూత్ర భాష్యం నాలుగో అధ్యాయంలో శంకరులు చెప్పారుగా, తిప్పడం మానేసినా కుమ్మరి సారె వేగం తీరేదాకా తిరుగుతూనే ఉంటుందని. మొదలైన ప్రారబ్ధం అనుభవిస్తే తప్ప తీరదు.

నా ఉద్యోగం సిఐసిఎస్ మీద. ఐబీఎం 1969లో ఉత్పత్తిగా విడుదల చేసిన ఈ ట్రాన్సాక్షన్ సర్వర్ మీదే ఇప్పటికీ ఎన్నో బ్యాంకుల లావాదేవీలు నడుస్తున్నాయి. ఈమధ్య మా రీజియన్లను, అంటే నడిచే సిఐసిఎస్ కాపీలను, కాన్ఫిగరేషన్ మేనేజర్ అనే టూల్ కిందికి తెచ్చే పని పడింది. ఇన్నాళ్లూ నిర్వచనాలు దిద్దే సెడా తెరిచి ఎవరికి తోచింది వాళ్లు మార్చేవాళ్లు. ఇకమీదట మార్పులు ప్యాకేజీగా కట్టి ఇంకొకరి ఆమోదం తీసుకోవాలి, ఎవరు మార్చారో జర్నల్‌కెక్కుతుంది. టూల్‌కి విడిగా ఒక రీజియన్, దాని ఫైళ్లు, భద్రత చూసే ర్యాక్‌ఎఫ్‌లో అనుమతులు: ఇవి పెద్ద పనులు కావు. తలనొప్పంతా ప్రోగ్రాములు వగైరాల నిర్వచనాలుండే సీఎస్‌డీ ఫైలుతోనే. ఒకే ప్రోగ్రామ్ పేరు రెండు గ్రూపుల్లో ఉంటుంది, లిస్టులో వెనకొచ్చిందే నెగ్గుతుంది.

పైగా సీఎస్‌డీలో ఒకటుంటే నడుస్తున్న రీజియన్‌లో ఇంకొకటి. వార్మ్ స్టార్ట్‌లో రీజియన్ తన నిర్వచనాల కోసం సీఎస్‌డీ దాకా పోదు. గ్లోబల్ క్యాటలాగ్‌లో దాచుకున్నదే మళ్లీ తెచ్చుకుంటుంది. పూర్వజన్మ వాసన అంటారు బాబాయి. కోల్డ్ స్టార్ట్ ఇస్తే అవి మరిచిపోయి సీఎస్‌డీ చదువుకుంటుంది, కానీ వేరే సిస్టమ్‌లతో తేలని లావాదేవీల లెక్క అప్పుడూ పోదు. అదీ తుడిచిపెట్టేది ఇనీషియల్ స్టార్ట్. ప్రొడక్షన్‌లో ఆ మాటెత్తి చూడండి, మేనేజర్ రక్తపోటు తెలుస్తుంది.

శంకరుల సారెకు దగ్గరగా వచ్చేది ఫేజిన్ కమాండ్. వడ్డీ లెక్కగట్టే ప్రోగ్రామ్‌లో తప్పు దిద్ది లోడ్ లైబ్రరీలో పెట్టాం. న్యూకాపీ కమాండ్ ఇస్తే, ప్రోగ్రామ్ వాడుకలో ఉంది, కుదరదు అంటుంది. ఫేజిన్ ఇస్తే ఒప్పుకుంటుంది: కొత్తగా వచ్చే లావాదేవీలకు కొత్త కాపీ, అప్పటికే మొదలైనవాటికి పాతదే. పాత కాపీని ఇంకా వాడుతున్నవాటి లెక్క, అంటే రెస్‌కౌంట్, సున్నా అయ్యేదాకా రెండూ మెమరీలో ఉంటాయి.

"చూశావా, నీ మెషీన్ కూడా అద్వైతమే" అని బాబాయి మురిసిపోయారు. నాకలా అనిపించలేదు. పాత కాపీతో నడిచే ఆఖరి లావాదేవీ వేసిన తప్పుడు వడ్డీ, ఖాతాలో నిజంగానే పడుతుంది. అది మిథ్య అని ఖాతాదారుకు చెప్పగలమా? శ్రీభాష్యంలో రామానుజులు పట్టుకున్న మెలిక కూడా ఇలాంటిదే. కారణం పూర్తిగా పోయిందంటూనే కార్యం మిగిలిందంటే ఎలా పొసగుతుంది? దేహం ఉండగా ముక్తి అన్నదాన్ని ఆయన ఒప్పుకోలేదు.

"అజ్ఞానం ఎప్పుడూ నిజంగా లేదురా, నీ పాత కాపీ ఉంది. అదీ తేడా" అన్నారు బాబాయి. న్యాయమైన మాటే, పోలిక అక్కడితో ఆగిపోతుంది. కానీ మార్పు పూర్తయిందని సంతకం పెట్టేది నేను. రెస్‌కౌంట్ ఒకటి మిగిలున్నా పెట్టను. ఈ ఒక్క విషయంలో నా ఓటు రామానుజులకే.